మొరగని కుక్క

ప్రొద్దుటూరు బస్టాండులో సోడా బండి పక్కన నిలబడి, వలి బాషా తల దించుకుని చెప్పిన మాట దగ్గర మనం ప్రేమకుమారిని వదిలి వచ్చాం. పోయిన వారం చదివినవాళ్లకు ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉండి ఉంటుంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం కొంచెం వెనక్కి పోయి చెప్పుకుందాం.

జమ్మలమడుగు హైస్కూలు మైదానం ఏ ఒక్కరి సొత్తూ కాదు. పొద్దున్నే పిల్లలు పరుగులు తీస్తారు, షుగరు జబ్బు ఉన్న పెద్దవాళ్లు నడుస్తారు, చర్చి వెనక ఇళ్ల ఆడవాళ్లు బిందెలతో అడ్డంగా నడిచిపోతారు. ఆ మైదానంలోకే మద్దిలేటిరెడ్డి జీపు వచ్చి ఆగేది. వెనక తలుపు తీస్తే సీజర్ అనే నల్ల డాబర్‌మన్ కుక్క కిందికి దూకేది. గొలుసు ఉండేది, రెడ్డి చేతిలో వేలాడుతూ. కుక్కను చూసి ఊరు పక్కకు తప్పుకుంటుంటే ఆయనకు కడుపు నిండేది. మనుషులను బెదిరించడానికి వేటకొడవలే తీయనక్కరలేదు, మెడపట్టీ విప్పినా చాలునని ఆయనకు బాగా తెలుసు.

డ్రిల్లు మాస్టరు మనోహర్ ఒకసారి అడిగాడు, మర్యాదగానే.

"పిల్లలు పరిగెత్తే టైము రెడ్డీ. గొలుసు తగిలించుకుంటే బాగుంటాది."

"కుక్కకు గొలుసేస్తే అది కుక్కెట్లయితాది మాస్టరూ? గొర్రె అయితాది" అన్నాడు రెడ్డి. జీపులోని వాళ్లంతా నవ్వారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే పరుగెత్తుతున్న ఒక ఆడపిల్ల మీదికి సీజర్ లంఘించింది. మనోహర్ అడ్డం పోయి తన ముంజేయి దాని నోటికిచ్చాడు.

ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు మొదలుపెట్టారు. పెంపుడు కుక్క కాబట్టి పది రోజులు దాన్ని కనిపెట్టి చూడమని, దానికేమీ కాకపోతే సూదులు ఆపవచ్చని డాక్టరు చెప్పాడు. అప్పట్లో ఆ మందుకు ఎప్పుడూ కరువే. మనోహర్ రోజూ రెడ్డి ఇంటి గేటు దాకా నడిచిపోయి కుక్కను చూసి వచ్చేవాడు. కొట్టంలో కట్టేసి ఉండేది. తింటోంది, తాగుతోంది, తోక ఊపుతోంది. పది రోజులు గడిచాక, పిచ్చికుక్క కరిచిన ఖాజీపేట ముసలాయన ఒకరు మందు లేదని వరండాలో కూర్చుని ఉంటే, "నన్ను కరిచిన కుక్క బాగుండాది, నా సూదులు ఆయనకు వేయండి" అని చెప్పి వచ్చేశాడు. ముసలాయన బతికాడు. మనోహర్ ఒక రోజు భార్య ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత జరిగినదంతా రాయను.

ఆ మనోహర్ భార్యే మన ప్రేమకుమారి, చిన్న బడిలో టీచరు. వలి బాషా ఒకప్పుడు రెడ్డి ఇంట్లో కుక్కలకు అన్నం పెట్టేవాడు. ఇప్పుడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీల మీద పోతున్నాడు. ప్రొద్దుటూరులో ఎదురుపడి అతను చెప్పిన మాట ఇది:

"మాస్టరు దినామూ చూసింది సీజర్‌ను కాదు టీచరమ్మా. అది అప్పటికే సచ్చిపాయ. అట్లాంటిదే ఇంగోదాన్ని నేనే పులివెందుల నుంచి తెచ్చి కట్టేసినా."

* * *

జమ్మలమడుగు బస్సులో ప్రేమకుమారికి కిటికీ పక్కన చోటు దొరికింది. నల్లరేగడి చేలు, పొద్దుతిరుగుడు పూలు, ఎడమ పక్క దూరాన పెన్న ఇసుక, అన్నీ ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్నాయి. ఆమెకు ఏడుపు రాలేదు. రాకపోవడం చూసి ఆమెకే భయం వేసింది.

మనోహర్‌ను మట్టి చేసిన నాటి నుంచి ఊళ్లో అందరూ ఒకే మాట అంటున్నారు. మాస్టరు పోయినాక రెడ్డికి బుద్ధి వచ్చింది, కుక్కను గేటు దాటనివ్వడం లేదు, ఇప్పుడు మైదానంలో పిల్లలు భయం లేకుండా ఆడుకుంటున్నారు. జ్ఞాపక కూడికలో పాస్టరుగారు ఆ సంగతి చెప్పి స్తోత్రం చేయించారు. అందరితోపాటు ఆమె కూడా కళ్లు మూసుకుని ఆమెన్ అన్నది. ఇప్పుడు తెలిసింది, ఆ కుక్కను కట్టేసింది బుద్ధి వచ్చి కాదు. నలుగురి కళ్ల ముందుకు తెస్తే అది సీజర్ కాదని తెలిసిపోతుంది.

వాళ్లింట్లోనూ ఒక కుక్క ఉంది, మోతి. ఊరకుక్కే. ఏడాదికొకసారి మనోహర్ దాన్ని సైకిలు ముందు బుట్టలో కూర్చోబెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి సూది వేయించేవాడు. తిప్పడానికి తీసుకుపోతే తాడు ఎప్పుడూ చేతికి చుట్టుకునే ఉండేవాడు, డబ్బాలో బూడిద పట్టుకుపోయేవాడు. అది ఎక్కడ దొడ్డికి కూర్చుంటే అక్కడ బూడిద చల్లి, మట్టితో ఎత్తి, గుంటలో వేసి వచ్చేవాడు. చూసినవాళ్లు నవ్వితే, "పిల్లోళ్లు ఒట్టికాళ్లతో పరిగెత్తే చోటప్పా ఇది" అనేవాడు. క్లాసులో పిల్లలకు చెప్పేవాడు: మన కుక్క మనకు ముద్దు, ఊరికి మాత్రం అది పళ్లున్న జంతువు, ఆ సంగతి మనమే గుర్తుపెట్టుకోవాలి, ఊరు గుర్తుపెట్టుకోనక్కరలేదు.

బస్సు దిగి ఆమె ఇంటికి పోలేదు. మద్దిలేటిరెడ్డి ఇంటి దారి పట్టింది.

గేటు దగ్గర ఇద్దరు మనుషులు నులక మంచం మీద కూర్చుని పులిజూదం ఆడుతున్నారు. పక్కన గోనెపట్టా కింద ఏముందో ఆ వీధిలో నడిచే ప్రతివాడికీ తెలుసు.

"ఏం టీచరమ్మా, శనివారం షీల్డు సంగతికి వచ్చినావా? రెడ్డి లేడు, పులివెందుల పోయినాడు. మీటింగు ఉండాది" అన్నాడు ఒకడు.

శనివారం నాడు మైదానంలో మనోహర్ పేరు మీద పరుగు పందెం పెడుతున్నారు. షీల్డు ఇచ్చే ముఖ్య అతిథి మద్దిలేటిరెడ్డి. బడి పెద్దలే పోయి ఆయనను పిలిచారు. పిలవకపోతే మాట వస్తుందని.

"సుంకులమ్మక్కతో పని" అన్నది ప్రేమకుమారి.

"పో అయితే. అంచున పో, కుక్కుండాది. మా సీజరు కొత్తోళ్లను చూస్తే ఊరుకోడు."

చెప్పినవాడు నవ్వాడు. రెండోవాడు నవ్వలేదు, పులిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గీతల వైపు చూస్తూ కూర్చున్నాడు.

కొట్టం ముందు ఆమె ఆగింది. కుక్క లేచింది. గొలుసు బిగిసేదాకా ముందుకు ఉరికింది. నోరు తెరిచింది, పక్కటెముకలు ఎగసిపడ్డాయి, కళ్లు ఎర్రబడ్డాయి. గొంతులోంచి కొలిమితిత్తి ఊదినట్టు గాలి వచ్చింది. అంతే, అరుపు రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ గాలే.

చూస్తూ నిలబడింది ప్రేమకుమారి. ఆ జంతువు మీద ఆమెకు కోపం రాలేదు.

"టీచరమ్మా! రా, రా. ఎండన పడి వచ్చినావే. ఇట్ల నీడకు రా."

అరుగు మీద చేట ముందు పెట్టుకుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది రెడ్డి భార్య సుంకులమ్మ. బొట్టు రూపాయంత ఉంది. చేతులకు మట్టి గాజులే గానీ మెడలో సగం పెట్టె బంగారం ఉంది. ఆమె లేచి లోపలికి పోయి తానే స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చింది. కరివేపాకు, అల్లం తగిలించి చేసింది, వాసన ముందే వచ్చింది.

ఆ పది రోజులూ మనోహర్ ఇంటికి వచ్చి చెప్పేవాడు. "రెడ్డి ఎట్లాంటోడో గానీ ఆ తల్లి మంచిది ప్రేమా. గేటు కాడికే మజ్జిగ పంపిస్తాది."

ప్రేమకుమారి గ్లాసు అందుకుంది. కూర్చోలేదు. నడుచుకుంటూ కొట్టం దగ్గరికి పోయి, కుక్క నీళ్ల తొట్టిలో మజ్జిగంతా పోసింది. కుక్క ముందు అనుమానంగా మూతి పెట్టింది. తర్వాత చప్పరిస్తూ తాగింది.

"అదేంది టీచరమ్మా! నీకిస్తే కుక్కకు పోస్తివే."

"తాగుతాదో లేదో చూద్దామని అక్కా. ఇది తాగుతాండాది. సీజర్ తాగలేదు గదా, చివర్లో?"

సుంకులమ్మ వేళ్ల మధ్య కాయ పగలకుండా ఆగిపోయింది. ఆమె గేటు వైపు చూసింది.

"ఒరే, మీరిద్దరూ పొయ్యి వామి కాడ గడ్డి దించుకోండి పో."

"రెడ్డి ఈడ్నే ఉండమన్నాడు గదమ్మా?"

"నేను పొమ్మంటాండా. పో!"

వాళ్లు మంచం దిగి వామి వైపు పోయారు.

"ఎవరు చెప్పినారు నీకు?" అన్నది సుంకులమ్మ.

"ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని ఒక్కసారి మొరిగించు అక్కా. ఒక్కసారి. ఇట్నే వెనక్కి పోతా, మళ్లా నీ గడప తొక్కను."

"దానికి గొంతు పట్టుకుంది. జలుబు."

"ఎప్పటి నుంచి? మా ఆయన పోయినప్పటి నుంచా?"

సుంకులమ్మ చేటను పక్కకు నెట్టింది. కాయలు అరుగు మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

"కూర్చో టీచరమ్మా. కూర్చుంటే చెప్తా."

"నిలబడే వింటా."

"నువ్వు మా ఇంటి సంగతి వినుండావో లేదో. మా మామను నరికిన దినం పొద్దున్నే రెండు కుక్కలూ సచ్చి పడుండినాయి. మా పగోళ్లు, ఆ కంబగిరిరెడ్డి వర్గం, మాంసంలో మందు కలిపి ఏసినారని తర్వాత తెలిసింది. ఎండకు సచ్చినాయేమోలే అనుకున్నాం. పక్కింటోళ్లకు చెప్పుకున్నాం, అయ్యో పాపం అనుకున్నాం. ఆ మాట వాళ్ల చెవిన పడింది, మందు పారిందంట, కుక్కలు సచ్చినాయంట, ఇంటికి కాపలా లేదంట అని. పొద్దు గూకినాక వచ్చినారు. ఈ అరుగు మీదనే. నేను కొత్త కోడలిని. కడిగింది నేనే." ఆమె అరుగు బండను చేత్తో తట్టింది. "ఆ పొద్దు నుంచి ఈ ఇంట్లో ఒకటే ఆన. కుక్క సచ్చిందని నోరు జారకూడదు. సస్తే పేడదిబ్బలో పూడ్చు, తెల్లారే లోపల ఇంగోటి కట్టు."

"సీజర్ ఎట్ల సచ్చింది?"

"నీకు తెలుసు గదా."

"నీ నోటితో చెప్పు."

"గొలుసును కొరుక్కున్యాది. పళ్లు ఊడి నెత్తురు కారినా కొరుక్కున్యాది. చొంగ. నీళ్లు పెడితే తొట్టినే తోసేసింది. రెడ్డి ఊర్లో లేడు. వలి బాషాను పులివెందులకు తరిమినా, నల్లదే, ఇంతే పొడుగుది, యాడున్నా తే పో అని. వాడు తెచ్చింది మొరగదని కట్టినాక గానీ తెలీలేదు. అప్పటికే మీ ఆయన వచ్చి చూసి పొయ్యుండె, ఇంగ మళ్లా మార్చేదెట్లా?"

"ఇది పిచ్చి రోగమని నీకు తెలుసు."

"తెలుసు."

"మా ఆయన చేయి కరిచిన పళ్లు అవేనని తెలుసు."

"తెలుసు టీచరమ్మా! తెలుసు. రాళ్లు కొట్టేటట్ల కొట్టొద్దు. సూదులు ఏసుకుంటాండాడులే, ఏం కాదులే అనుకున్నా. ఆయన మానేస్తాడని నాకు తెలీదు, మా మద్దిలేటి నరసింహసామి తోడు..."

"దేవుని మీద ఒట్లు వద్దక్కా." ప్రేమకుమారి గొంతు పెరగలేదు. బడిలో కూడా ఆమె గొంతు పెంచదు. పిల్లలు అందుకే భయపడతారు. "కడపటి దినం ఆయన నీ గేటు కాడ నిలబడి ఏం చెప్పినాడో ఇంటికొచ్చి నాకు చెప్పినాడు. 'సీజర్ బాగుండాడు గదా అక్కా, ఇంగ సూదులు మానేస్తా, ఆ మందు ఇంగొకరికి పనికొస్తాది' అన్నాడు. దానికి నువ్వేమన్నావు?"

సుంకులమ్మ చెదిరిన కాయలు ఏరడం మొదలుపెట్టింది.

"ఏమన్నావక్కా?"

"మంచిదే మాస్టరూ అన్నా." ఆ మాట బయటికొచ్చాక ఆమె పైట నోట్లో కుక్కుకుంది.

కొట్టంలో కుక్క పడుకుంది. గొలుసు గలగలమంది.

"ఒక్క మాట చాలు" అన్నది ప్రేమకుమారి. "చెవిలో చెప్పింటే చాలు. మానొద్దు మాస్టరూ, ఏసుకో అని. ఎందుకని ఆయన అడిగేవాడు కాదు. మా ఇంట్లో మాట గోడ దాటదు. అది ఊరందరికీ తెలుసు."

"ఎట్ల నమ్మేది? మీరు చర్చిలో నలుగురితో కూర్చునేవాళ్లు. ఒక్కరి నోట్లోంచి జారినా నా మొగుని తల ఈ అరుగు మీద దొర్లుతాది. నాకు నా మొగుడు కావల్ల. నువ్వయితే ఏం చేసుంటావు, చెప్పు? నా తావులో ఉంటే ఏం చేసుంటావు?"

సుంకులమ్మ అరుగు దిగి వచ్చింది. ప్రేమకుమారి పాదాల దగ్గర వంగబోయింది. ప్రేమకుమారి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ వంగిన నడుము, ఆ నెరిసిన పాపిట చూస్తుంటే కొంచెం జాలి పుట్టింది. ఆ జాలిని ఆమె పురుగును తొక్కినట్టు తొక్కేసింది.

"లే అక్కా. నేను దండాలకు రాలేదు. శనివారం రెడ్డి మైదానానికి వస్తాడు గదా. షీల్డు ఇచ్చేముందు మైకు పట్టుకుని మూడు మాటలు చెప్పాల. పిల్లల నడుమ కుక్కను విప్పింది నేనే. అది పిచ్చి పట్టి సచ్చింది. సచ్చిందని దాచి, మాస్టరుకు ఇంకో కుక్కను చూపించినాం. అంతే. ఆయన్ను జైలుకు పంపమని నేను అడగడంలా. ఊరి ముందర చెప్పమంటాండా."

"సంపమని అడుగుతాండావు!" సుంకులమ్మ నిటారుగా నిలబడింది. "ఎన్నికలు నెత్తిన ఉండాయి. ఇంట్లో ఉండే కుక్క మొరగదని మైకులో చెప్పాల్నా? ఆ కంబగిరిగాడు చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడనుకుంటాండావా?"

"ఆయన చెప్పకపోతే నేను చెప్తా. అదే మైకులో."

అప్పుడు సుంకులమ్మ మొహంలో ఏడుపు పోయింది. ఎన్నో చావులు చూసిన ఇంటి ఇల్లాలు ఆమె. ఎదుటి మనిషి బరువు ఎంతో కంటితోనే తూచగలదు.

"నువ్వు చెప్పలేవు" అన్నది. "నీ మొగుడు ఎట్లనో నువ్వూ అట్లనే. మెత్తని మనుషులు మీరు. నాలుగిళ్లు ముండమోస్తాయని తెలిసి ఆ మాట నీ నోట్లో నుంచి రాదు. ఇంటికి పో టీచరమ్మా. పొయ్యి ప్రార్థన చేసుకో."

"మెత్తని మనిషిని మీరు సంపేసినారు గదక్కా" అన్నది ప్రేమకుమారి. "మిగిలింది నేను. నన్ను నువ్వు యాడ చూసినావు?"

ఖాళీ గ్లాసు తెచ్చి అరుగు మీద బోర్లించి, ఆమె గేటు దాటింది.

* * *

ఆమె వీధి మలుపు దాటింది. టైలరు షరీఫా అంగడి మెట్టు మీద కాసేపు కూర్చుందామా అనుకుంది. అనుకునేలోపే వెనక నుంచి ఒక జీపు మెల్లగా వచ్చి పక్కన ఆగింది.

ముందు సీట్లో తెల్లచొక్కా మనిషి. కంబగిరిరెడ్డి. ఆయనా మద్దిలేటిరెడ్డీ ఒకప్పుడు ఒకే పార్టీలో ఉండి ఒకరినొకరు నరుక్కున్నారు, తర్వాత చెరొక పార్టీలో చేరి నరుక్కున్నారు, మొన్న ఇద్దరూ పార్టీలు మార్చుకున్నారు. జెండాల రంగులు అటువి ఇటు, ఇటువి అటు అయ్యాయి గానీ గొడవ మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. జీపు వెనక ఆయన కుక్కలు రెండు నాలుకలు చాపి కూర్చున్నాయి. వాటి మెడలకూ పట్టీలున్నాయి, పట్టీలకు తాళ్లు లేవు.

"నమస్తే టీచరమ్మా. ఎండలో నడుస్తాండావే. ఎక్కు, దింపుతా."

"పర్వాలేదన్నా. ఇల్లు దగ్గరే."

"ఆ ఇంట్లో నుంచి వస్తాండావు, చూసినాలే." ఆయన బీడీ పారేసి జీపు దిగాడు. గొంతులో జాలి నింపుకున్నాడు. "మాస్టరు బంగారం అట్లాంటి మనిషి. మా అన్న కొడుక్కు ఈత నేర్పింది ఆయనే. ఆ నా కొడుకు మద్దిలేటి మీకు చేసిన అన్యాయం నీకింకా తెలుసో తెలీదో."

ప్రేమకుమారి ఆగింది. "ఏం అన్యాయం?"

"కుక్క మార్చినారమ్మా! మాస్టరును కరిచింది పిచ్చి పట్టి సస్తే, రాత్రికి రాత్రి ఇంగోదాన్ని కట్టి మాస్టరుకు చూపించినారు. ఆయన పాపం సూదులు మానేసుకున్యాడు."

"మీకెట్ల తెలుసు?"

కంబగిరిరెడ్డి నవ్వాడు. అటువంటి మనుషులకు ఒక జబ్బు ఉంటుంది. తాము వేసిన ఎత్తు ఎవరికీ తెలియకుండా ఉండాలి, ఎవరికైనా చెప్పుకోకుండా ఉండలేరు.

"తెలీకేం? రెండో కుక్కను ఇచ్చింది మా బామ్మర్దే గదా, పులివెందులలో. వలి బాషా నల్ల కుక్క కోసం ఇల్లిల్లూ తిరుగుతాండాడని తెలిసిన గంటలో మాకు సంగతి అర్థమయిపాయ. చిన్నప్పుడు గొంతుకు తీగ బిగుసుకుని మూగదయిన కుక్క ఒకటి ఉండె. దాన్ని కడిగి, నూనె పూసి, ముందర పెట్టినాం. వాడు కళ్లకద్దుకుని తీసకపాయ!" తొడ చరుచుకున్నాడు. "మొరగని కుక్కను మా చేత్తో మేమే వాని వాకిట్లో కట్టించినాం టీచరమ్మా. మద్దిలేటిగానికి ఈ పొద్దుటికీ తెలీదు."

వెనక సీట్లో మనిషి కూడా నవ్వాడు. కుక్కలు నవ్వుకు ఉలిక్కిపడి చెవులు నిక్కించాయి.

ప్రేమకుమారి చాలా మెల్లగా అడిగింది.

"అంటే ఆ పొద్దే మీకు తెలుసు. మా ఆయన అప్పటికింకా సూదులు ఏయించుకుంటాండాడు."

"తెలుసమ్మా. దినామూ ఆ గేటుకాడికి పోతాంటే చూసేవాళ్లం. అయ్యో పాపం అనుకునేవాళ్లం."

"మరి చెప్పలేదే."

"చెప్తే ఎట్లమ్మా?" కంబగిరిరెడ్డి నిజంగానే ఆశ్చర్యపోయాడు. చిన్నపిల్లకు తెలిసిన సంగతి టీచరమ్మకు తెలియలేదే అన్నట్టు. "మాకు తెలుసని వానికి తెలిసిపోతాది. ఇంగో కుక్కను తెచ్చుకుంటాడు గదా? అంత కష్టపడి కట్టించింది వృథా అయిపోదూ?"

ఆమె ఆయన మొహం వైపు చూసింది. ఆ కళ్లలో తప్పు చేశామన్న జాడ ఎక్కడా లేదు. సుంకులమ్మ కళ్లల్లో అదైనా ఉండింది. ఏ రహస్యం కోసం మనోహర్ బలి అయ్యాడో, అది రహస్యమే కాదు. ఈ పక్కవాళ్లు ప్రాణభయంతో నోరు మూసుకున్నారు, ఆ పక్కవాళ్లు ప్రాణం తీయాలని నోరు మూసుకున్నారు. మధ్యలో ఒక మనిషి కట్టు కట్టిన చేత్తో రోజూ ఆ వీధిలో నడిచి పోయి వచ్చాడు. రెండు వర్గాలూ చూశాయి.

బస్సులో రాని ఏడుపు ఇప్పుడు గొంతు దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగింది. ఇప్పుడు ఏడిస్తే ఈ మనిషి ఓదారుస్తాడు. అది ఆమె భరించలేదు.

"నాతో ఏం పనన్నా మీకు?" అన్నది.

"పెద్ద పనేం లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ మధ్య వాడు రాత్రిళ్లు ఇంట్లో పండుకోడంలేదు. పగలు యాడ దిగేదీ తెలీనీయడు. శనివారం మైదానానికి వస్తాడా, రాడా? అదొక్కటి చెప్పు చాలు. మిగతాది మేం చూసుకుంటాం. మాస్టరు ఆత్మకు శాంతి కలుగుతాది."

షరీఫా అంగడిలో కుట్టుమిషను ఆగిపోయింది. లోపల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఎదురుగా మైదానం గోడ కనిపిస్తోంది. దాని వెనక పిల్లలు బంతి కోసం అరుస్తున్నారు.

"వస్తాడు" అన్నది ప్రేమకుమారి. "షీల్డు ఆయనే ఇస్తాడు."

కంబగిరిరెడ్డి రెండు చేతులూ జోడించాడు.

"మీరూ రాండన్నా" అన్నది ఆమె. "మనుషులను పంపడం కాదు. మీరే రావాల. మీ అన్న కొడుక్కు ఈత నేర్పినాడంటిరి గదా, ఆయన గురించి నాలుగు మాటలు మాట్లాడుదురు. ముందు వరసలో కుర్చీ వేయిస్తా. మద్దిలేటిరెడ్డి పక్కనే."

ఆయన ఆమె వైపు పరీక్షగా చూశాడు. ఏడ్చి ఏడ్చి మతి తప్పిన ఆడమనిషా, తన మనసెరిగి సాయం చేస్తున్న మనిషా అని తూచుకున్నాడు. రెండోదే అనుకున్నట్టున్నాడు. మీసం మీద చేయి వేసుకుని, "వస్తాలే టీచరమ్మా. తప్పకుండా వస్తా" అని జీపెక్కాడు.

దుమ్ము అణిగేదాకా నిలబడి, ఆమె హైస్కూలు హెడ్మాస్టరు యోబుగారి ఇంటికి పోయింది. ఆయన వరండాలో కూర్చుని పందెం పిల్లల చొక్కాలకు నంబర్ల గుడ్డలు పిన్నులతో గుచ్చుతున్నారు. ఆమెను చూసి కళ్లద్దాలు పైకి జరిపారు.

"రామ్మా ప్రేమా. ఈసారి పిల్లలు ఎంత మంది పేర్లిచ్చినారో చూడు. రాజుపాలెం నుంచి కూడా వస్తాండారు. మనోహర్ చూసుంటే..."

"సార్, నాదొక మనవి. కారణం అడగొద్దు."

"ఏందమ్మా?"

"శనివారం పిల్లలను ఒక్కరిని కూడా మైదానానికి రానీయొద్దు. పందెం వేరే నాటికి మార్చినామని ఇంటింటికీ చెప్పించండి. రెడ్లకు మాత్రం, ఇద్దరికీ, ఆ కబురు చేరకూడదు. చర్చి వాళ్లు, నడిచే వాళ్లు, నీళ్లకు పోయే వాళ్లు, ఎవ్వరూ గోడ లోపలికి అడుగు పెట్టకూడదు."

యోబుగారి చేతిలో పిన్ను ఆయన వేలికే గుచ్చుకుంది. నెత్తురు బొట్టు తెల్లగుడ్డ మీద పడినా ఆయన చూసుకోలేదు.

"ఎవ్వరూ లేకుండా మైదానంలో ఏం చేస్తావు తల్లీ?"

"గోడ బయట ఊరంతటికీ వినపడేటట్ల మైకు పెట్టించండి సార్" అన్నది ప్రేమకుమారి. "రెండు కుర్చీలు వేయించండి. గేటు తాళంచెవి నాకివ్వండి."